జనాజా దగ్గర అడిగిన మాఫీ

ఏలూరు, శుక్రవారం.

నాయనా మస్తాన్,

నువ్వు పోయి నాలుగు నెలల పది రోజులు. నీ భార్య రజియా ఇల్లు కదలకుండా పాటించిన ఇద్దత్ గడువు నిన్నటితో ముగిసింది. ఇవాళ పొద్దున్నే మీ అన్న ఆమె సంతకం కోసం కాగితం పట్టుకొచ్చాడు. అందుకే రాస్తున్నాను.

నికా నాడు నువ్వు మహర్‌గా, పెళ్లికొడుకు భార్యకు ఇవ్వాల్సిన సొత్తుగా, రాసిన తాడేపల్లిగూడెం నాలుగు సెంట్ల స్థలాన్ని ఆమె వదులుకున్నట్టు ఆ కాగితం. జనాజా పాడె లేపేముందు అందరి ఎదుటా మాఫీ చేసిందిగా, ఇంకేం మిగిలిందని మీ అన్న వాదన.

"ఈసారి చేపలు పట్టగానే రిజిస్టరు చేయించేస్తానమ్మా" అనేవాడివి... ఎన్నిసార్లు పట్టావు?

మాఫీ ఎలా చేసిందో నీకు తెలియాలి. ఆ బాకీ ఉండగా నిన్ను మోయకూడదన్నారు. మగవాళ్లంతా గుమ్మంలో నిలబడ్డారు. ఆ పిల్ల భుజం పట్టుకుని, మాఫీ చేశానని అనేసెయ్ అన్నది ఎవరో తెలుసా? నేనే. మీ నాన్న పోయినప్పుడు నేనూ అన్నాను కాబట్టి.

ఐస్ ఫ్యాక్టరీకీ నువ్వు బాకీ ఉన్నావు. నా లెక్కల పుస్తకంలో ఆ బాకీ, రజియా మహర్ రెండూ ఒకే పేజీలో ఉన్నాయి. వాళ్లను ఎవరూ మాఫీ అడగలేదే? మీ అన్నే వెళ్లి కట్టి వచ్చాడు. మరి భార్యనే ఎందుకు అడిగారు?

నీ కూతురు సనా కాలేజీలో సంఘర్షణ సిద్ధాంతం చదువుతోంది. బలమున్నవాళ్లు చట్టాన్ని తమవైపు తిప్పుకుంటారట. కోపం వచ్చింది. ముప్పై ఏళ్లు బడిలో పాఠం చెప్పినదాన్ని, మన షరియత్‌ను అంటే ఊరుకుంటానా? మహర్ ఆమె సొత్తు, ఆమె మనసారా ఇస్తే తప్ప ఎవరికీ చెందదు అని చెప్పబోయి... ఆగిపోయాను. ధర్మం ఇచ్చినదాన్ని గుమ్మంలో నిలబడి మేం లాక్కున్నాం. సనా పుస్తకంలో ఉన్నది మన ఇంటి సంగతే.

కొల్లేరు చెరువుగట్టు మీద బేరగాడితో అనేవాడివి గుర్తుందా? "కాటా మీద చెయ్యి తీయండి బాబూ. చేపను తూయండి, మీ చేతిని కాదు." నీ జనాజా రోజు నా చెయ్యి కాటా మీదే ఉంది నాయనా.

కాగితం చించి మీ అన్న చేతిలో పెట్టాను. ఇక జరగాల్సినవి:

1. సోమవారంలోగా స్థలం దస్తావేజులు మీ అన్న నా బల్ల మీద పెట్టాలి.
2. స్థలం రజియా పేరున రిజిస్టరు కావాలి. ఖర్చు నాది.
3. ఈ ఇంట్లో ఇక జనాజా దగ్గర ఏ ఆడదాన్నీ ఆ మాట అడగకూడదు.
4. రజియాను నేను క్షమాపణ అడగాలి. గుమ్మంలో ఎవరూ లేనప్పుడు. జవాబు కోసం తొందరపెట్టకూడదు.

మీ అమ్మ