బండి ఎక్కను

బ్రాంట్లీ గారికి,

ఆదివారం ఆట విరామంలో నాకు సన్మానం చేస్తామని మీరు రాసింది అందింది. వస్తాను. కానీ మైదానం మధ్యకి నన్ను బండిలో తీసుకెళ్తామన్నారు చూశారా, అది కుదరదు.

మీరు ఆఫీసులో కూర్చునే మనిషి, తెలియకపోవచ్చు. ఆ పచ్చికమీదికి బండి వచ్చేది లేవలేనివాడి కోసమే. మా జట్టులోని టీగ్ వెన్ను విరిగి పడినప్పుడు ఆట ఆపి అందరం మోకాలిమీద కూర్చున్నాం. బండి వచ్చింది. వాణ్ణి ఎక్కిస్తుంటే జనం లేచి చప్పట్లు కొట్టారు. వాడు మళ్లీ ఆడలేదు. అవే చప్పట్లు నాకూ కొట్టిద్దామనా?

మీ జట్టుకి పదకొండేళ్లు లైన్‌బ్యాకర్‌గా ఆడాను. బంతి పట్టుకుని దూసుకొచ్చేవాణ్ణి గుద్ది పడగొట్టడమే నా పని. వేళ్లు విరిగాయి, మోకాళ్లు అరిగాయి. అయినా ప్రతిసారీ నా కాళ్లమీదే బయటికి నడిచాను.

మా ఆవిడ ఒడెస్సా కూడా మీ పక్షమే.

"వంటింట్లోంచి వసారాలోకి రావడానికే గోడ పట్టుకుంటావు. అంత జనంలో పడితే నా పరువేం కాను?" అంది.

"పడితే లేస్తాను. నేను బతికిందే అలా కదే" అన్నాను.

"అయితే ఆ తెల్ల ప్యాంటు మాత్రం వేసుకోకు ముసలాడా, గడ్డి మరకలు పోవు" అంది.

కర్ర పట్టుకుని నడుస్తాను. ఆలస్యమైతే టీవీవాళ్లని ఇంకో బీరు ప్రకటన వేసుకోమనండి. పడినా ఎవరూ పరిగెత్తుకు రావద్దు.

ఆ బండి మాత్రం నా దరిదాపుల్లోకి వచ్చిందా, బంతితో వచ్చేవాణ్ణి ఏం చేసేవాణ్ణో దాన్ని తోలేవాణ్ణీ అదే చేస్తాను. అతనికి ముందే చెప్పి ఉంచండి.

ఇట్లు,
ఇప్పటికీ మీ లైన్‌బ్యాకర్