కల్లు కాదు, కండ్లు

12 జనవరి 1962. నల్లగొండ

ఈ రోజు నుంచి రాస్తున్నాను. ఉర్దూ స్కూల్లో చదివినవాడిని. బస్సు ఎంత బాగా తోలుతానో తెలుగు అంత అడ్డదిడ్డంగా రాస్తాను. డిపోకు కోస్తా నుంచి కొత్త మేనేజర్ వచ్చాడు, ఆయనకు ఉర్దూ రాదు. ఇక ఏం అడగాలన్నా తెలుగులోనే అర్జీ పెట్టాలి. రోజూ నాలుగు ముక్కలు రాస్తే చెయ్యి తిరుగుతుందని మా కండక్టర్ ఐలేశం సలహా.

ఏం రాయాలి? బస్సు, రోడ్డు, నిద్ర. నా దగ్గర ఉన్నవి ఇవే.

15 జనవరి

రామన్నపేట ట్రిప్పు. చిట్యాల దాటగానే కునుకు పట్టింది. రాత్రి పెందలాడే పడుకున్నాను, కోడి కూసినా లేవలేదు. అయినా పొద్దున తల దిమ్ముగా ఉంది, నోరు ఎండిపోయింది. అసలు పడుకోనట్టే ఉంది.

పచ్చిమిరపకాయ బుగ్గన పెట్టుకున్నాను. తడి తువ్వాల మెడకు చుట్టుకున్నాను. నశ్యం పీల్చాను. తుమ్ములు వచ్చాయి, నిద్ర మాత్రం వదలలేదు.

ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు అంటారు. నా నిద్ర ప్రాణాన్ని కూడా ఎరగదు. నా ఒక్కడి ప్రాణమైతే పోనీ అనుకుందును. వెనక బస్సు నిండా జనం.

20 జనవరి

డిపోలో నాకు కుంభకర్ణుడని పేరు. ఫికర్ లేనోడికే గట్ల గురక వస్తది, పుణ్యం చేసుకున్నవని డ్రైవర్ సోమన్న వెక్కిరిస్తాడు. నేనూ నవ్వుతాను.

ఇంట్లో నా భార్య అండాలు నవ్వదు. నా గురకకు తను భయపడదట, గురక ఆగితెనే నాకు బుగులు అన్నది. నిద్రలో నా ఊపిరి ఆగిపోతుందట. అప్పుడు డొక్కలో పొడుస్తుందట. ఎవరో నొక్కిన గొంతు వదిలినట్టు ఒక్కసారి గాలి పీలుస్తానట. తిరిగి గురక, తిరిగి ఆగడం. తెల్లారేదాకా ఇదే తంతు. నాకు ఒక్కటీ తెలియదు.

మరి నువ్వెప్పుడు పడుకుంటున్నావని అడిగాను. పగటిపూట జర కన్ను మూస్త తియ్యి అన్నది. పగలంతా నాట్లకు పోయే మనిషి ఎక్కడ కన్ను మూస్తుంది? లగ్గమైన ఇన్నేండ్లకు ఆ ముఖం సరిగ్గా చూశాను. సిగ్గేసింది.

2 ఫిబ్రవరి

కల్వర్టు గోడ జానెడు దూరంలో ఉండగా ఐలేశం గంట కొట్టాడు.

బస్సులో తాడు లాగితే నా తల దగ్గర గంట మోగుతుంది. ఒకటి కొడితే ఆపు. రెండు కొడితే పోనియ్. ఇయ్యాల్టి సంది మూడు కొడితే లే కాటమన్నా అని అర్థం, అన్నాడు ఐలేశం. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టుకున్నాం.

3 ఫిబ్రవరి

మూడు, మూడు, మూడు. నీ చేతికి తిమ్మిరెక్కిందా కొడుకా అని ఒక ముసలామె ఐలేశాన్ని అడిగింది.

9 ఫిబ్రవరి

అర్జీ ఇచ్చాను. స్టీరింగ్ వద్దు, షెడ్డులో బస్సులు కడిగే పనైనా సరే. మాటల్లో మేము కండ్లు అంటాం. పెద్ద ఆఫీసర్ దగ్గర మొరటుగా ఉంటుందని పుస్తకం మాట వేశాను. ఇలా రాశాను:

"నాకు పొద్దటి నుంచే కల్లు మత్తు. కల్లు మత్తుతో బస్సు నడపలేను. దయచేసి షెడ్డులో పని ఇప్పించగలరు."

రాత కూడా గుండ్రంగా కుదిరింది.

12 ఫిబ్రవరి

మేనేజర్ పిలిచి బల్ల గుద్దాడు. తాగి బస్సు నడుపుతున్నానని రాసి సంతకం పెట్టిన తాగుబోతును తన సర్వీసులో చూడలేదన్నాడు. సార్, నేను కల్లు ముట్టి ఏండ్లయింది అన్నాను. మరి ఇదేమిటని నా అర్జీ నా ముఖం మీదికి తోశాడు.

బయటికి వచ్చాక ఐలేశం చదివి చెప్పాడు. అది ల కాదు, ళ అట. కళ్ళు. ఉర్దూలో ఆ అక్షరమే లేదు, నా నాలుకకూ అది ఏనాడూ పలకలేదు. మన కండ్లు అనే రాస్తె గీ గోస ఉండకపోవు కదనే అన్నా, అని తల కొట్టుకున్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నాకు ఏడుపు వచ్చింది.

13 ఫిబ్రవరి

దవాఖానకు పంపారు. డాక్టర్ నోటితో గాలి ఊదమన్నాడు, గీత మీద నడవమన్నాడు, కండ్లలో టార్చి వేశాడు. తాగుడు కాదు సార్, నిద్ర, రాత్రి ఊపిరి ఆగుతుందని మా ఆమె అంటుంది అన్నాను. ఊపిరాగినోడివి నా దాక ఎట్ల నడిచొచ్చినవని నవ్వాడు. నిద్ర పట్టక చచ్చేటోళ్లు వస్తరు, పట్టినందుకు వచ్చినోడివి నువ్వే అన్నాడు. తాగలేదు, డ్యూటీకి ఫిట్ అని రాసి ఇచ్చాడు.

మేనేజర్ పొరపాటు పడ్డానని భుజం తట్టాడు. చెడ్డవాడు కాదు. నిద్ర సంగతి ఎత్తబోతే మాత్రం, పని తప్పించుకునే కబుర్లు వద్దన్నాడు. తాగి ఉంటే బస్సు దింపేవాళ్లు. తాగనందుకు ఎక్కించారు.

14 ఫిబ్రవరి

మానేస్తే? గుంట భూమి లేదు. స్టీరింగ్ తప్ప ఈ చేతులకు ఇంకేదీ రాదు. డ్యూటీకి పోయాను.

21 ఫిబ్రవరి

అంగడి రోజు. బస్సులో కాలు పెట్టే జాగా లేదు. ఐలేశం వెనక ఫుట్‌బోర్డు మీద వేలాడుతూ టికెట్లు కొడుతున్నాడు. తాడు అందే చోట లేడు.

నాకు తెలిసింది కంకర కుప్ప ఎక్కిన చప్పుడే. బస్సు పొలంలోకి ఒరిగింది. ఎవరూ చావలేదు. ఎవరూ చావలేదు. ఐలేశం కుడి చెయ్యి మోచేతి దగ్గర విరిగింది. గంట కొట్టే చెయ్యి.

23 ఫిబ్రవరి

మళ్లీ గాలి ఊదించారు. మళ్లీ తాగలేదు, ఫిట్.

నిద్రపోయానని మేనేజర్‌తో చెప్పాను. ఎద్దు అడ్డం వచ్చిందని కండక్టరే వాంగ్మూలం ఇచ్చాడు, నువ్వు భయంతో ఏదేదో మాట్లాడుతున్నావన్నాడు. దవాఖానలో ఐలేశాన్ని ఎందుకట్లా చెప్పావని కోపం చేశాను. ఇంకేం చెప్పాలె, నీ ఇంట్ల పొయ్యి ఆరిపోవాల్నా అన్నాడు. కట్టు కట్టిన ఆ చెయ్యి కింద దిండు సర్దాను. ఎద్దు లేదు. ఆ అబద్ధమే నన్ను మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చోబెడుతోంది.

28 ఫిబ్రవరి

రేపటి నుంచి కొత్త కండక్టర్. మంచి రూల్సు మనిషట. మూడుసార్లు గంట కొట్టే సంగతి ఆయనకు చెప్పడానికి నోరు రాలేదు. డ్రైవర్ నిద్రపోతాడని చెబితే ఎవడు బస్సు ఎక్కుతాడు?

అండాలుతో ఇదంతా చెప్పాను. రేపు నాట్లకు పోను, నీ వెనక సీట్ల నేను కూసుంట అని అన్నది. రాత్రంత చేసే పనే కద, నిద్రొస్తె పొడుస్త అన్నది. వద్దన్నాను. వినలేదు.

1 మార్చి. రామన్నపేట, పొద్దున

అండాలు టికెట్ తీసుకుని నా వెనక కూర్చుంది. చిట్యాల దాకా వీపులో పొడుస్తూనే ఉంది. ఆ తర్వాత పొడవలేదు. ఇవాళ నిద్ర రాలేదు కాబోలు అనుకుని సంబరపడ్డాను.

ఇక్కడ ఆపాక అద్దంలో చూశాను. కిటికీకి తల ఆనించి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

లేపలేదు. కొత్త కండక్టర్ గంట కొడుతున్నాడు. రెండు.