గరాచర్మలో నీ బల్బు మళ్ళీ ఊగుతోంది

నువ్వు మోసం చేశావు జ్యోతీ.

"నేను నేకపోయినా పవర్‌హౌస్‌లో ఆ మెషిన్లు ఊగవు, ధైర్యంగా ఉండన్నియ్యా. నేను మళ్ళీ వస్తాను కదా" అని చెప్పి వైద్యానికి చెన్నై విమానం ఎక్కావు. మెషిన్లు ఊగుతున్నాయి. నువ్వు రాలేదు. రెండు మాటలూ తప్పావు.

సరే, ముందు క్షేమం అడగాలి కదా... ఎలా ఉన్నావమ్మా? నువ్వు పోయాక ఇది రెండో వానాకాలం. ఈ దీవిలో మన గరాచర్మ వీధిని నువ్విప్పుడు ఆనవాలు పట్టలేవు, కొండవాలు నిండా కొత్త ఇళ్ళు లేచాయి. అమ్మ బాగానే ఉంది. చేపల కూర వండిన రోజు ఇప్పటికీ తలకాయ ముక్క నీకని పక్కన తీసిపెడుతుంది. కాసేపటికి గుర్తొచ్చి, దాన్ని నా కంచంలో వేసి వెళ్ళిపోతుంది. నేను నోరెత్తకుండా తినేస్తాను. నోరెత్తకుండా నేను చేసే పని ఆ ఒక్కటే అని నీకు తెలుసు.

ముందుగదిలో నీ బల్బు అలాగే ఉంది. ఇల్లంతా ఎల్ఈడీలు పెట్టుకున్నా ఆ ఒక్క పాత ఫిలమెంటు బల్బును మాత్రం తీయనివ్వలేదు నువ్వు. "ఎల్ఈడీ అబద్ధమాడతాది అన్నియ్యా, ఇది ఆడదు" అనేదానివి. వోల్టేజీ కాస్త పడినా లేచినా ఎల్ఈడీ ఏమీ ఎరగనట్టు వెలుగుతుంది. ఈ బల్బు మాత్రం ఉన్నదున్నట్టు చూపిస్తుంది... ఎర్రబడి, తెల్లబడి, మళ్ళీ ఎర్రబడి.

గాలివాన వచ్చిన ప్రతిసారీ పవర్‌హౌస్ కంట్రోల్ రూం నుంచి నీ ఫోను. అందరి చెల్లెళ్ళూ అన్నం తిన్నావా అని అడుగుతారు. నువ్వు మాత్రం "బల్బు ఊపిరి తీస్తందా?" అని అడిగేదానివి. లోపల అన్ని మీటర్లు పెట్టుకుని, లైను చివర ఉన్న అన్నయ్య ఇంట్లో బల్బు సంగతి నీకెందుకని నేను దెబ్బలాడేవాణ్ణి. "మీటరు నాకు సెప్తాది. జనానికి ఏటి కనపడతందో నువ్వు సెప్పాల. జనం జనం అని కాగితాలు పంచుతావు కదా, సెప్పు!"

పవర్‌హౌస్ జనరేటర్లకు నువ్వు సెట్ చేసిన స్టెబిలైజర్ సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పడానికి నువ్వు పడిన పాట్లు గుర్తున్నాయా? చివరికి నాన్న డింగీలోకి తీసుకెళ్ళావు. పక్క నుంచి అల కొట్టగానే పడవ వాలింది. నేను భయపడి అవతలి వైపుకు దూకాను. అప్పటికే పడవ తనంతట తాను అటు వాలుతోంది. నేను దూకడంతో ఇంకా వాలిపోయింది. నాన్న తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నువ్వు మాత్రం పగలబడి నవ్వావు. "ఎంత వాలిందో సూడకన్నియ్యా, ఎటు ఎల్తందో సూడు. ఎల్తన్న దానికి ఎదురుగా కొంచెం బరువెయ్యి. చాలు."

జనరేటర్లూ అంతేనన్నావు. ఒకే లైనుకు కట్టిన పడవల్లాంటివి. ఎక్కడో చెట్టు కూలి లైను తెగితే అన్నీ ఒకదానికొకటి ఎదురుగా ఊగుతాయి. వోల్టేజీని కాపాడే రెగ్యులేటరుకు తొందరెక్కువ. చిన్న తేడాకే పెద్ద తోపు తోస్తుంది. ఒక్కోసారి ఊగే వైపే తోసి ఊపును పెంచుతుంది. స్టెబిలైజర్ చేసేది చాలా చిన్న పని. మెషిన్ వేగం పెరుగుతోందా తగ్గుతోందా అని వింటూ, ఎప్పుడు తోయాలో రెగ్యులేటరుకు చెబుతుంది. కాసేపటికి ఊపు చచ్చిపోతుంది. నా ఇంట్లో బల్బు నిలకడగా వెలుగుతుంది.

చిన్న తేడాకు ఎంత పెద్దగా స్పందించాలన్నది గెయిన్ అని చెప్పావు. అంతే, ఆ రోజు నుంచి నాకు హైగెయిన్ అన్నియ్య అని పేరు పెట్టేశావు. బస్సు చార్జీ మీద గొడవ పడి వచ్చినా, రేషను షాపు ముందు అరిచి వచ్చినా, అదే పాట... "ఫిర్ షురూ! గెయిన్ తగ్గించు భయ్యా, ఇంటికి లైను తెగిపోతాది."

ఇప్పుడు అసలు సంగతి.

పోయిన వానల్లో లైను మీద చెట్టు పడింది. సాయంత్రం వేళ. బల్బు ఊపిరి తీయడం మొదలుపెట్టింది. నీ కాలంలో అయితే నాలుగైదు సార్లు ఊగి సర్దుకునేది. ఆ రోజు సర్దుకోలేదు. ఊపు పెరిగి పెరిగి, టౌను నుంచి మన కొండ దాకా చీకటైపోయింది.

మీ పెద్దసారు విచారణ చేశాడు. రిపోర్టు రాశాడు. ఏమని రాశాడో తెలుసా? స్టెబిలైజర్ వల్లే ఊగిందట. దివంగత మహిళా ఇంజనీరు పెట్టిన సెట్టింగులు తప్పట. అందుకని దాన్ని ఆపేశాడు. మరమ్మతు అయిపోయింది! చనిపోయిన ఆడదాని మీదికి తోసేయడం కంటే సులువైన మరమ్మతు ఈ దేశంలో ఇంకొకటి ఉందా?

ఆపేశాక బాగుపడిందా? ఎక్కడ... ఇప్పుడు చిన్న గాలికే బల్బు వెలుగు ఊగుతోంది, చాలాసేపు ఊగుతోంది. ఆపరేటర్లు మీటరు ముల్లు లేస్తే నాబ్ దించుతున్నారు, ముల్లు పడితే ఎత్తుతున్నారు. ముల్లు వెంట చేతులు పరుగు. చెయ్యి చేరేసరికి ముల్లు వెనక్కి తిరిగి ఉంటుంది. డింగీలో నేను దూకినట్టే. నువ్వు వాళ్ళ చేతుల మీద కొట్టి "చేతులు తీయండ్రా, అది మిమ్మల్ని సూసి నవ్వుతంది" అనేదానివట. ఇప్పుడు కొట్టేవాళ్ళు లేరు. అదే పని పద్ధతి అయి కూర్చుంది.

నేను ఊరుకుంటానా? కరపత్రం రాసేశాను. నిన్ను అన్నవాణ్ణీ, వాడి కుర్చీనీ, ఆ కుర్చీని నిలబెట్టే వ్యవస్థనీ కలిపి ఉతికేశాను. నా చెల్లెలి పని నూటికి నూరుపాళ్ళు సరైనదని రాశాను. అచ్చుకు ఇచ్చేముందు మరికాస్త మందుగుండు దొరుకుతుందని, నీ దగ్గర పని నేర్చుకున్న ఫిలిప్‌ని కలవడానికి పవర్‌హౌస్‌కి వెళ్ళాను.

ఫిలిప్ ముందు ఆ సాయంత్రపు రీడింగులు తీసి నా ముందు పెట్టాడు. తర్వాత చెప్పాడు. నువ్వు సెట్టింగులు చేసినప్పుడున్న పెద్ద మెషిన్లలో ఒకదాన్ని ఓడెక్కించి ఉత్తరాన ఇంకో దీవికి పంపేశారట. ఇటు సోలార్ పెరిగింది. మొత్తం బరువూ సమతూకమూ మారాయి. సెట్టింగులు మాత్రం నీ నాటివే. అందుకే ఆ సాయంత్రం స్టెబిలైజర్ తోపు కొంచెం ఆలస్యంగా పడింది. ఆలస్యంగా పడితే ఏమవుతుందో డింగీలో చూశాను కదా...

అంటే, ఆ రోజుకు నీ సెట్టింగులు నిజంగానే తప్పు.

నాకు నచ్చలేదు జ్యోతీ. అసలు నచ్చలేదు. డీజిల్ వాసన మధ్య ఆ బెంచీ మీద కూర్చుని ఫిలిప్‌తో వాదించాను. రీడింగులతో వాదించాను. నువ్వు పూర్తిగా ఒప్పు కావాలి నాకు. పోయినవాళ్ళు పూర్తిగా ఒప్పు కాకపోతే ఉన్నవాళ్ళం దేన్ని పట్టుకుని నిలబడాలి?

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వు అన్న మాట. "ఇది మందు లాంటిది అన్నియ్యా. మనిషి బరువు మారితే మోతాదు మార్చాల. మందు పారేస్తారేటి?"

ఆసుపత్రి మంచం మీద నుంచి కూడా ఫిలిప్‌కి ఫోను చేసి, మెషిన్ పంపేస్తే మళ్ళీ టెస్టు చేయించమని చెప్పావట కదా. నాకెందుకు చెప్పలేదు? నాతో మాట్లాడినప్పుడల్లా అమ్మ మోకాళ్ళ గురించీ, వాన గురించీ, బల్బు గురించీ అడిగావు. సెలైన్ ఎక్కుతుండగా మెషిన్ల గురించి ఆలోచిస్తున్నావని ఒక్కసారి చెప్పి ఉంటే... ఏం చేసేవాణ్ణి? అరిచేవాణ్ణేమో. అందుకేనా చెప్పలేదు?

టెస్టు చేయిద్దామని ఫిలిప్ పైవాళ్ళను అడిగాడట. ఎవరూ ఒప్పుకోలేదట. టెస్టు చేయాలంటే నడుస్తున్న మెషిన్‌ను కావాలని కాస్త కదిలించాలి. కదిలించమని ఒకరు సంతకం పెట్టాలి. నీ కాలంలో ఆ సంతకం నువ్వు పెట్టావు. ఇప్పుడు కదిలించడానికి సంతకం లేదు, నింద వేయడానికి మాత్రం సంతకం ఉంది.

రేపు టౌనులో వినియోగదారుల సమావేశం. ఆ రిపోర్టును అక్కడ ఆమోదిస్తే స్టెబిలైజర్‌ను ఇక ఎవరూ ముట్టుకోరు. ఆ పక్కన నీ పేరు అలా తప్పుగానే మిగిలిపోతుంది. నేను మాట్లాడాలి. కరపత్రం తీసుకెళ్ళడం లేదు. "నీ కోపం తగ్గించమనటం నేదన్నియ్యా. టైముకి తియ్యమంటన్నాను" అని నువ్వు ఎన్నిసార్లు అన్నావు! ఒక్కసారి విని చూస్తాను. నిన్ను ఒప్పని నిరూపించడానికి వెళ్ళడం లేదు. నువ్వు చేయమన్నది చేయించడానికి వెళ్తున్నాను. ఈ రెండూ వేరువేరని తెలుసుకోవడానికి నాకు ఈ వయసు రావాల్సి వచ్చింది.

రేపు సభలో చదివే డిమాండ్లను నేను చెబుతుంటే నీ మేనకోడలు హిందీలో టైపు చేసింది. తెలుగు గలగలా మాట్లాడుతుంది గానీ చదవాలంటే కూడబలుక్కోవాలి అది. అందుకే ఈ ఉత్తరం మన ఇద్దరి మధ్యే ఉంటుంది. బయట వాన పట్టుకుంది. బల్బు మెల్లగా ఎర్రబడుతోంది... తెల్లబడుతోంది... ఫోను పక్కనే పెట్టుకున్నాను, అలవాటు.

రేపు చదవబోయేవి ముందు నువ్వు చూడు. తప్పుంటే చెప్పు.

స్టెబిలైజర్‌ను తీసేయకండి. ఇప్పుడున్న మెషిన్లతో, ఎండకు సోలార్ నడిచేటప్పుడూ సాయంత్రం నడవనప్పుడూ, మళ్ళీ టెస్టు చేసి సెట్ చేయండి.

ఆ టెస్టుకు బతికున్న అధికారి సంతకం పెట్టాలి.

ఇక మీదట ఒక మెషిన్ వచ్చినా పోయినా సెట్టింగులు మళ్ళీ చూడాలి.

ముల్లు వెంట నాబ్ తిప్పే పద్ధతి ఆపించండి. ఆపరేటర్లను తిట్టకండి, నేర్పండి.

రిపోర్టులో "ఇంజనీరు తప్పు" అన్న వాక్యం కొట్టేసి జరిగింది రాయండి: మెషిన్ వెళ్ళింది, సెట్టింగు మార్చలేదు. ఆమెను పొగడనక్కర్లేదు.

చివరిది సభలో చదవను. అది నీకు. బల్బు నిలకడగా వెలిగే మొదటి గాలివాన రోజున, ఎక్కడున్నా సరే, ఒక్కసారి అడుగు. నేను చూసి చెబుతాను.

నీ
హైగెయిన్ అన్నియ్య