మేకుకున్న రెండో తాళం

నాన్నా,

ఫోనులో నీకు సగమే వినబడుతుంది, ఈ సంగతి సగం చేరితే అమ్మ కంటి ఆపరేషన్ తప్పిపోతుంది, అందుకే కార్డు రాస్తున్నాను. మనింట్లో మేకుకు తగిలించిన రెండో తాళంతో, ఇక్కడ నా దగ్గరున్న కారు ఇక స్టార్ట్ కాదు.

నా తాళం యూనిఫాం జేబులోనే ఉండిపోయి సబ్బునీళ్ళలో నానింది. కొత్త రిమోట్ కొని, డ్యూటీ దిగాక వీడియో చూస్తూ నేనే కారుకి కలిపాను. పదే పదే తప్పి, చివరికి తలుపు టక్కుమంది. అంతలో కారు తెరమీద "తాళాలు: ఒకటి" అని పడింది. కొత్తదాన్ని కలిపేటప్పుడు ఇంట్లో ఉన్న ఆ రెండోది దగ్గర లేకపోతే కారు దాన్ని మరిచిపోతుందట. మళ్ళీ కలిపే ఓపిక లేక తాళాలాయన్ని అడిగాను.

"కలుపుతానమ్మా. రెండూ తెచ్చి నా చేతిలో పెట్టు. పెళ్ళికూతుర్ని ఊళ్ళో ఉంచి తాళి కట్టించమంటే ఎలా?" అన్నాడు.

ఇరవై రెండున అమ్మని ఆపరేషన్‌కి తీసుకెళ్ళడానికి అన్నయ్య మా ఆసుపత్రికి కారు కోసం వచ్చేసరికి నేను థియేటర్ డ్యూటీలో ఉంటాను, మధ్యలో బయటికి రానివ్వరు. గేటు దగ్గర ఎవరి తాళాలూ పుచ్చుకోరు. అందుకని మేకుకున్న తాళం నాకు ముందే చేరాలి, ఇక్కడ కలిపించి అన్నయ్యకి ఇస్తాను.

అమ్మ కంట్లో చుక్కలు మానకుండా వేస్తున్నారా? పెరటి పంపు కారడం ఆగిందా? నేను బాగానే ఉన్నాను, నిద్రే చాలడం లేదు. అమ్మకి నమస్కారాలు, చెల్లికి ముద్దులు.

తాళం కొరియర్లో పంపుతారో, అన్నయ్యే ముందుగా తెస్తాడో, పదహారో తేదీలోగా నాకు జవాబు అందేలా చెల్లి చేత రాయించు.

నీ పెద్దపాప