ఆయన గేటు దాటిన రోజులు

ఫిబ్రవరి 3, మంగళవారం

ఆయన గుండెకు స్టెంటు వేసి మూడు నెలలు. డాక్టరుది మళ్ళీ అదే మాట — నడవండి, తినండి, బండి మాత్రం తోలొద్దు. ముప్పై ఏళ్ళు టూరిస్టు వ్యాను తోలిన మనిషి. వాకిట్లో కుర్చీ వేసుకుని వీధిలో పోయే బండ్ల శబ్దం వింటూ కూర్చుంటాడు. "గేరు సరిగ్గా పడలా" అంటాడు, తనలో తనే.

మనిషి దక్కాడు, అది చాలు. రోజూ అనుకుంటాను. ఆయన అనుకోవడం లేదు.

(ఆయనది అరవ బడి. తెలుగు మాట్లాడతాడే గానీ చదవలేడు. ఈ డైరీ ఎక్కడ పెట్టినా భయం లేదు.)

ఫిబ్రవరి 5, గురువారం

ఈరోజు అడిగేశాను. "ఊరందరినీ తిప్పినావు గదా. నన్నొకసారి తిప్పయ్యా."

"యాడికి?"

"వాళ్ళను యాడికి తీసకపోయినావో, ఆడికే."

నవ్వాడు. ఎన్నాళ్ళకో! "ఆడేముందో నాకేం తెలుసు సరోజా? గేటు దాకా తోలతా. వాళ్ళు లోపలికి పోతారు. నేను బండికాడ. కోతులు వైపర్లు పీకేస్తాయి గదా, ఎట్ల వదిలిపెట్టి పోయేది?"

పెళ్ళయి ఇన్నేళ్ళు. ఆయన అన్నీ చూసేశాడనే అనుకున్నాను.

ఫిబ్రవరి 8, ఆదివారం

అరియాంకుప్పం బస్సెక్కాం. డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఈయన కుడికాలు కిందికి నొక్కుతోంది. చూడనట్టు ఉన్నాను.

దిగి, ఆటోలో అరికమేడు. ఎప్పుడో రోము ఓడలు వచ్చిన చోటట. ఇప్పుడు మామిడి చెట్లు, పాత ఇటుక గోడలు, అవతల నది… అంతే.

ఆయన అటూ ఇటూ తిరిగాడు. "ఒకసారి నా బండిలో ఒక తెల్లామె, పెద్దామె. లోపలికి పోయి కండ్లు తుడుచుకుంటా వచ్చింది. ఏముందో ఏమో అని ఇన్నాళ్ళూ అనుకుంటా ఉండినా."

"ఇదే."

"ఇదేనా?"

గోడ మీద అరచెయ్యి పెట్టాడు. చాలాసేపు తియ్యలేదు. "వేడిగుంది" అన్నాడు.

చెట్టు కింద నిమ్మకాయన్నం. నాకన్నా ఎక్కువ తిన్నాడు. స్వామీ, నీకు దణ్ణం.

ఫిబ్రవరి 11, బుధవారం

మాత్రలు నేను గుర్తు చెయ్యకుండానే వేసుకున్నాడు. ఈరోజుకు ఇంకేమీ రాయక్కర్లేదు.

ఫిబ్రవరి 14, శనివారం

సెంజి కోట. తిరువణ్ణామలై బస్సువాడు కోట దగ్గరే దింపాడు.

కొండను చూడగానే ఆయన ప్యాంటు కాళ్ళు మడిచాడు. అడ్డం నిలబడ్డాను. వద్దంటే వద్దు. మాటా మాటా పెరిగింది… చివరికి మెట్టు మీద కూలబడ్డాడు. "సరి, నువ్వు పో. నేనీడ ఉంటా. నాకలవాటే."

ఆ మాటకు నా కాళ్ళు కదల్లేదు. పక్కనే కూర్చున్నాను. కాసేపటికి ఆయనే మోచేత్తో పొడిచాడు. "పో సరోజా. ఎవరో ఒకరు చూసొచ్చి చెప్పాల గదా."

ఎక్కాను. యాభై ఎనిమిదేళ్ళ మోకాళ్ళతో, కొంగు దోపుకుని. సగం దాకా. ఏం గాలి! కింద మళ్ళన్నీ పచ్చగళ్ళ చీర ఆరేసినట్టు. నాకూ ఒకటి చూసే యోగం ఉంది. కళ్ళు చెమర్చాయి.

దిగొస్తే మెట్టు మీద నీళ్ళ బాటిల్ ఉంది. మనిషి లేడు.

మండపం దగ్గర చూశాను — లేడు. గుర్రాలసాల దగ్గర — లేడు. ధాన్యం కొట్టు లోపలినుంచి గొంతు. ఆయనదే.

నంద్యాల నుంచి వచ్చిన కుటుంబం. కోతిని తెలుగులో తిట్టాడని పట్టుకున్నారట! గైడ్లు టీకొట్టు దగ్గర చెప్పుకునేవన్నీ ముప్పై ఏళ్ళు విన్న మనిషి. చెయ్యి ఊపుతూ చెబుతున్నాడు — "ఈ గోడ మందం చూడండి, ఎండ లోపలికి దిగదు." చెప్పకుండా పోయినందుకు అరుద్దామనుకున్నాను. అరవలేకపోయాను.

నన్ను చూశాడు. "మా ఇంటామె. పైకి పోయొచ్చింది. పై సంగతి ఆమెనడగండి."

అడిగారు. చెప్పాను. వాళ్ళందరికన్నా ఆయనే నోరు తెరుచుకుని విన్నాడు.

ఫిబ్రవరి 15, ఆదివారం

మోకాళ్ళు పట్టేశాయి. ఆయనే నూనె వేడి చేసి తెచ్చాడు.

ఫిబ్రవరి 17, మంగళవారం

నంద్యాలాయన ఫోన్. ఆదివారం వాళ్ళ బంధువులు వస్తున్నారట, చిదంబరం చూడాలట. "వ్యానుకు డ్రైవరు ఉన్నాడులేన్నా. నువ్వు పక్కన కూచ్చోని చెప్తే చాలు."

నన్ను ఒక్క మాటన్నా అడక్కుండా సరే అనేశాడు.

డ్రైవరు పక్క సీటు. ఇంకొకడు తోలుతుంటే చూస్తూ కూర్చోగలడా… గురువారం ఆసుపత్రిలో గుండె టెస్టు. డాక్టరు వద్దంటే? ఆ మాట ఈయనకు చెప్పాల్సింది నేనే.

"నువ్వూ రావాల. ఎక్కేవన్నీ నీయి, చెప్పేవన్నీ నాయి" అన్నాడు ఇందాక.

ఇప్పుడు అవతల గదిలో అద్దం ముందు నిలబడి చిదంబరం గురించి పైకే చెప్పుకుంటున్నాడు. ఏదో రాజు పేరు దగ్గర ఆగిపోయాడు. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ అక్కడే ఆగాడు.

నన్ను పిలుస్తున్నాడు. ఆ పేరు నాకూ తెలీదు.