జగ్గారావు వేసిన టోకెన్

మద్రాసు,
14 అక్టోబరు 1998, బుధవారం.

మన ఎమిలీ బతికింది రత్నం! కళ్ళు తెరిచింది, నాన్నా అంది, మంచినీళ్ళడిగింది!

చూశావా, వందనాలు చెప్పడమే మరిచాను. నా భార్య జ్ఞానరత్నానికి ప్రభువు నామంలో ఆమోసు వందనాలు. నేను క్షేమం. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

ఆదివారం ఎవరో చనిపోయినామె లివర్ దొరికింది. ఆ ఇంటివాళ్ళు ఇచ్చారట, పేరు చెప్పరు. పన్నెండు గంటలు ఆపరేషన్ చేశారు. పిల్ల కళ్ళలో పసుపు అప్పుడే విరుగుతోంది. నర్సులందరికీ లడ్డూలు పంచాను!

ఇన్నాళ్ళూ రక్తం కోసం ఆలస్యమని మాత్రమే రాశాను. అసలు సంగతి ఇది. ఇరవై సీసాల రక్తం దగ్గర పెట్టుకోనిదే ఈ ఆపరేషన్ మొదలుపెట్టరు. మన పిల్లకేమో ఏ సీసా కలిపి చూసినా ముద్ద కట్టేస్తోంది. రక్తం చూసే డాక్టరు సుజాతమ్మ, నెల్లూరావిడ, నన్ను పిలిచి, పూర్వం ఎవరి రక్తమైనా ఎక్కించారా అని అడిగింది. ఛాతీ విరుచుకుని, నాదేనమ్మా, ఎనభై మూడులో టైఫాయిడ్ అప్పుడు అన్నాను.

పరాయి రక్తం ఒకసారి లోపలికొస్తే ఒళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి గుర్తు పెట్టుకుంటుందట. మళ్ళీ అలాంటిదొస్తే కొడుతుందట. ఆ కొట్టేవాటిని యాంటీబాడీలు అంటారట. అయితే మీ రక్తాన్నే కొట్టాలి అని నాదీ తీసి కలిపింది. సాయంత్రం వచ్చి, పెద్దాయనా, మీ రక్తంతో గొడవే లేదండీ, ఆ రోజు వెళ్ళింది ఇంకెవరిదో అంది. నేను నా చెప్పుల కేసి చూస్తూ నిలబడ్డాను.

మూడు వారాలు ఊరంతా గాలించి, సరిపడే సీసాలు వాళ్ళే పోగుచేశారు.

కానీ ఆ సాయంత్రం నుంచి ఈ వరండాలో నాకు సైకిల్ బెల్లు వినిపిస్తోంది. రైల్వే వర్క్‌షాపులో నా పక్క లేతు మీద పనిచేసిన జగ్గారావు గుర్తున్నాడు కదా. నాకు ఆలస్యమైన రోజున నా ఇత్తడి టోకెన్ హాజరు పెట్టెలో వేసేవాడు. డ్యూటీ దిగి వెళ్తూ ట్రాఫిక్ కాలనీలో మన క్వార్టరు గేటు దగ్గర ఆగి బెల్లు కొట్టి, "ఒరే ఆమోసూ, పాప బాగుందేటి?" అనేవాడు. తాగినోడు మన గుమ్మం ఎక్కకూడదు, పొమ్మను అని లోపల్నుంచి నువ్వు అరిచేదానివి. ఎక్కలేదు, పాపం. అతను పోయి ఏడేళ్ళు. ఇక్కడ ట్రాలీ కదిలితే చాలు, అదే బెల్లు, అదే ప్రశ్న. నాకు మతి పోయిందనుకోకు.

ఇట్లు,
నీ ఆమోసు

తా.క.: కూర్చుని చదువు రత్నం. పాపకి రక్తం ఇవ్వాల్సిన ఆ రోజు సూది చూసి నాకు వణుకొచ్చింది. ఆసుపత్రి సైకిల్ స్టాండ్ వెనక దాక్కున్నాను. జగ్గారావు వెతుక్కుంటూ వచ్చి నవ్వాడు. "ఏటిరా, సూదికి భయపడినావా? రోజూ నీ టోకెన్ ఏస్తన్నాను గదా, ఇదీ ఏసేస్తాను" అన్నాడు. లోపలికెళ్ళి నా పేరు చెప్పి పడుకున్నాడు. బయటికొచ్చి, "ఎవరడిగినా నువ్వే ఇచ్చినావు" అని నాకు చెప్పాడు. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చి, బలం రావాలని రోజూ రెండు కోడిగుడ్లు ఉడకబెట్టి పెట్టావు. తిన్నాను. నేను తింటుంటే గేటు బయట బెల్లు మోగేది.

నిన్న ఇక్కడ ఒక సీసా ఇచ్చాను. అయినవాళ్ళ రక్తం పిల్లకి ఎక్కించరట, వేరెవరికో వెళ్తుంది. ఈసారి నా టోకెన్ నేనే వేశాను.

అందరికీ చెప్పు. పూరీ గేట్‌లో మా అక్క దేవమణికి, మీ తమ్ముడు సుందర్ రాజుకి, కృపమ్మ పిన్నికి, సమూయేలు బావకి. వీళ్ళందరికంటే ముందు జగ్గారావు భార్య అప్పలనర్సమ్మని పిలిపించు. గుమ్మం ఎక్కించి, కుర్చీ వేసి, ఇదంతా చదివి వినిపించు. ఆఖర్న జగ్గారావుకి. పాప బాగుందని గేటు దగ్గర నిలబడి గట్టిగా చెప్పు.