గొడుగుగుడ్డ తెరచాప

అన్నా,

నువ్వు పోయి ఇవాల్టికి ఏడాది. నువ్వు సగంలో వదిలిన రిమోటు పడవను వదిన పాతసామాన్లకు వేసేస్తానంది. గాలికి నడిస్తే ఉంచుకుందామని చెప్పి, తెరచాప నేనే కుట్టాను.

ప్రొద్దుటూరులో నాలుగు అంగళ్లు తిరిగి గొడుగుగుడ్డ తెచ్చాను. నువ్వు నేర్పినట్టే గుడ్డకు నోరానించి ఊదాను. వెనక పెట్టిన అరచేతికి గాలి తగల్లేదు, గుడ్డ పనికొస్తుందనుకున్నాను. నీ కాగితపు అచ్చు పెట్టి కత్తిరించి, గాలికి నువ్వు చెప్పినంత పొట్ట ఉబ్బేలా కుట్టాను.

పొద్దున నీ స్నేహితుడు మస్తాన్ మైలవరం జలాశయానికి తీసుకెళ్లాడు.

"మీ అన్న పడవకు గొడుగు పట్టినావే అక్కా," అని నవ్వి, ముందు తేలుతుందో లేదో చూద్దామని నీళ్లలో వదిలాడు.

గాలి లేదు. నీళ్ల మీద ఒక్క ముడత లేదు. ఉన్నట్టుండి తెరచాప నిండింది. పడవ దూరంగా పోయి, మలుపు తిరిగి, మా కాళ్ల దగ్గరికే వచ్చింది.

"బాగా తిప్పుతాండావే," అన్నాను.

"నేనేడ తిప్పినా? రిమోటు నీ సంచిలోనే ఉండాది గదక్కా."

ఇంటికొచ్చి తలుపులేసి, ఫ్యాను ఆపి, తెరచాప వెనక అరచెయ్యి పెట్టాను. వెచ్చగా గాలి తగిలింది. ముందువైపు ఎవరూ లేరు.

నీ లెక్కన ఈ గుడ్డ పనికిరాదు. పడవ నడిచిందని మాత్రమే వదినకు చెప్పాను. గుడ్డ మార్చను, అన్నా.